మళ్లీ క్యాట్ రాయాలంటే ఉద్యోగం మానాలా?

ఖిదిర్‌పూర్ నుంచి డైమండ్ హార్బర్ రోడ్డు పట్టుకుని దక్షిణంగా పోతే, బెహాలా దాటాక జోకా. 1961లో పుట్టిన ఐఐఎం కలకత్తా అక్కడే ఉంది. అందులో సీటు కోసం రెండోసారి క్యాట్ (ఐఐఎంల ప్రవేశ పరీక్ష) రాయాలనుకునే మన పిల్లల్లో చాలామందికి మొదట వచ్చే ఆలోచన ఉద్యోగానికి రాజీనామా. అది అనవసరమని నా అభిప్రాయం. క్యాట్‌లో లెక్కలు చాలావరకు హైస్కూలు స్థాయివే. దెబ్బ తగిలేది ప్రశ్నల ఎంపికలో. ఒప్పుకు 3 మార్కులు, ఆప్షన్ల ప్రశ్న తప్పితే మైనస్ 1. నాలుగింట్లో ఏదో ఒకటి కళ్లు మూసుకుని పెడితే సగటున మిగిలేది సున్నా, పోయేది సమయం. సెక్షన్‌కు ఉన్నవి 40 నిమిషాలే. ఒక్క ప్రశ్నల సెట్‌కే పావుగంట ధారపోస్తే ఇక కోలుకోవడం కష్టం. కాబట్టి మాక్ టెస్టు రాసిన రాత్రి పర్సంటైల్ చూసి కుంగిపోవడం కాదు, వదిలేయాల్సిన ప్రశ్నను ఎందుకు పట్టుకు వేలాడామో ఒక్కొక్కటీ నోటుబుక్కులో రాసుకోవాలి. రోజుకు రెండు గంటల్లో అయ్యే పని ఇది. షిఫ్టులు చేసి అలసిపోయినవాడికి ఆ రెండు గంటలెక్కడివి అంటారా? నిజమే, కొందరికి ఉండవు. వాళ్లు ఆఖరి నెల సెలవు పెట్టుకోవచ్చు. కానీ రాజీనామా వద్దు: ఎంపికలో చూసే పదో తరగతి, ఇంటర్ మార్కులు క్యాట్ ఎన్నిసార్లు రాసినా మారవు, ఉద్యోగానుభవం మాత్రం ఎంపికలో లెక్కకొస్తుంది, ఖాళీ ఏడాది గురించి ఇంటర్వ్యూలో అడగక మానరు. పరీక్ష నవంబరు చివర్లో. రాజీనామా ఉత్తరం అప్పటిదాకా రాయకండి.