విద్యుత్ పంపిణీ సంస్థ వారికి బహిరంగ లేఖ

తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ మేనేజింగ్ డైరెక్టరు గారికి,

ఆర్యా,

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ మొదలు నల్లమల వరకు సూర్యభగవానుడు ధారాళముగా ప్రసాదించు తేజస్సు సామాన్యుని యింటికప్పుపై విద్యుత్తుగా మారుటకై, 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీని కల్పించినను, ఆ ధనము సౌరపలకలు బిగించి నెట్ మీటరు అమర్చిన పిమ్మటగాని ఖాతాలో జమ కానందున, ముందుగా వ్యయమును భరింపజాలని గద్వాల నేతకానికిని, వనపర్తి చిన్నరైతునకును ఋణము నాశ్రయింపక తప్పదు.

నాగర్‌కర్నూలు జిల్లాలోని కొండారెడ్డిపల్లి సౌరగ్రామమై మార్గము చూపినది. ఆ భాగ్యము తక్కిన పల్లెలకును దక్కవలయును.

కావున, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాకేంద్రములు మూడింటను మీ యధికారులును బ్యాంకువారును ఒక్కచోట కూర్చుండి, ఈ పథకమునకై యిచ్చు పూచీకత్తు లేని ఋణమును, వడ్డీని, వాయిదాలను తెలుగులో విశదపరచి దరఖాస్తులు స్వీకరించు శిబిరములను నెలనెలా నిర్వహింపుడనియు, నెట్ మీటర్లను జాగు లేక అమర్పింపుడనియు సవినయముగా ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
వనపర్తి గృహవినియోగదారుడు