గేటు గడియారం, ఆకాశ గడియారం



నేను మిల్లులో చేరిన కొత్తల్లో గేటు గడియారం ఐదు నిమిషాలు ముందు నడిచేది. ఒకరోజు నా వాచీలో ఇంకా ఆరు కాలేదు, గేటు దగ్గర ఆరు దాటింది. సగం రోజు కూలి పోయింది. "నా వాచీ సరిగ్గానే ఉంది సార్" అంటే, "ఇక్కడ గేటు గడియారమే లెక్క" అన్నారు. గడియారం ఎవరిదో మాట వాళ్ళదే అని ఆ పొద్దు తెలిసింది.

మొన్న మనవడు సెల్లులో దారి చూస్తుంటే అదే గుర్తొచ్చింది. ఆ దారి కూడా గడియారం లెక్కే. ఉపగ్రహాలు టైము చెబుతూ సిగ్నల్ పంపుతాయి. అది చేరడానికి పట్టిన టైమును బట్టి మనం ఎక్కడున్నామో సెల్లు లెక్క వేసుకుంటుంది. పైన గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పితే, దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది. బస్టాండుకు పోవాల్సినవాడు చెరువుగట్టు మీద నిలబడతాడు!

అందుకే పైన అణు గడియారాలు పెడతారు. సీజియం అణువును కదిలించే రేడియో అల 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగితే ఒక సెకను అని 1967లో ప్రపంచం ఒప్పుకుంది. మగ్గం అరుగుతుంది, పోగుల లెక్క తప్పుతుంది. అణువు అరగదు. కానీ ఆ గడియారాలు మొదట్లో ల్యాబులోనే ఉండేంత పెద్దవి. వాటిని చిన్నవి చేసి, రాకెట్టు అదురుకు తట్టుకునేలా చేయడమే కష్టం.

మన నావిక్ వరసలో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న ఎగిరింది. అందులో విదేశాల నుంచి కొన్న రుబీడియం గడియారాలు మూడు. కొన్నేళ్ళకే మూడూ ఆగిపోయాయి. ఉపగ్రహం బాగానే ఉంది, దారి మాత్రం చెప్పలేదు. దాని బదులు 2017 ఆగస్టులో పంపింది రాకెట్టు మూత ఊడక పాడైంది. ఇంకొకటి 2018లో చేరింది.

ఈలోగా అహ్మదాబాదులోని ఇస్రో కేంద్రంవాళ్ళు సొంతంగా రుబీడియం గడియారం తయారుచేశారు. 2023 మే 29న, శ్రీహరికోట నుంచి, ఎన్‌వీఎస్-01లో అది మొదటిసారి పైకి పోయింది.

అమెరికాలో 2004లోనే అణు గడియారం గుండెకాయను బియ్యపుగింజంత చేశారు. ఇప్పుడు అరచేతిలో పట్టేవి అమ్ముతున్నారు. ఉపగ్రహం సిగ్నల్ అందని సముద్రం అడుగున కూడా అవి పనిచేస్తాయి.

అరువు గడియారంతో ఎంత దూరం పోగలం? పిల్లలు సెల్లు చూస్తుంటే తిట్టడం ఎట్లాగూ ఉంది, ఒకసారి ఈ కథ కూడా చెప్పండి.

వచ్చే నెల కలుద్దాం.