ఆశ్రమాల బిల్లుల పేచీ - ముసలివారికి శిక్ష కారాదు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపట్ల పల్లెల్లో ముసలివారే మిగిలిన ఇళ్ళు అనేకం. వానలు మోసం చేసి, బోర్లు ఎండి, పిల్లలు బెంగుళూరు దారి పట్టారు. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలైన మాట నిజమే. డబ్బు చేతికి వస్తుంది. కాని లేవలేని అవ్వకు సంగటి కెలికి పెట్టేవారెవరు?

ఆ పని వృద్ధాశ్రమాలు చేస్తున్నాయి. వీటిలో చాలావాటిని నడిపేది స్వచ్ఛంద సంస్థలు. 1992 నుంచి కేంద్రం ఇలాంటి సంస్థలకు గ్రాంటు ఇస్తోంది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకంతో, నిరాశ్రయుల వసతి గృహాల నిర్వహణను మున్సిపాలిటీలు సంస్థలకు అప్పగించే పద్ధతి కూడా ఏర్పడింది. చోటిచ్చేది ఒకరు, డబ్బిచ్చేది మరొకరు, అన్నం పెట్టేది ఇంకొకరు. ముగ్గురి మధ్య ఒప్పందం సరిగా లేకుంటే పేచీ తప్పదు.

పేచీ ఎక్కడ వస్తుంది? తనిఖీ రోజున రిజిస్టరులో ఇరవై అయిదుగురుండి, కంటికి ఇరవై మందే కనబడితే అయిదుగురి సొమ్ము కోస్తామంటారు అధికారులు. ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు, ఒకరు తిరునాళ్ళకు ఊరికి పోయారు, వంటమనిషి జీతం మాత్రం తగ్గదు గదా అంటుంది సంస్థ. బియ్యం, పప్పు ధరలు పెరిగినా రేటు పాతదే. గత గ్రాంటుకు లెక్కలు చూపలేదని కొత్త గ్రాంటు ఆగుతుంది. ఇందులో అధికారుల అనుమానాలన్నీ తప్పు కావు. లేనివారి పేరిట బిల్లు పెట్టే సంస్థను క్షమించనక్కరలేదు. అయితే అసలు ఉన్నవారి పొయ్యి ఆరిపోకూడదు.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఇక్కడ అక్కరకు రాదు. ఆ చట్టం కింద ఆర్.డి.ఓ. స్థాయి అధికారి విచారించేది, ముఖ్యంగా బిడ్డలు తిండి పెట్టడం లేదన్న ఫిర్యాదును. జిల్లాకు ఒకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగల ఆశ్రమాలు ప్రభుత్వం నెలకొల్పవచ్చునని 19వ సెక్షను చెబుతుంది. నిర్వాహకుల బాకీల సంగతి అందులో లేదు. ఇక ప్రభుత్వంపై దావా వేయాలంటే సాధారణంగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ రెండు నెలలు గంజి ఎవరు పోస్తారు?

ఇది మన దేశపు జబ్బే కాదు. బ్రిటన్‌లో వృద్ధుల తరఫున స్థానిక కౌన్సిళ్ళు ఆశ్రమాలకు ఫీజు చెల్లిస్తాయి. వేల్స్‌లో పెంబ్రోక్‌షైర్ కౌన్సిల్ ఫీజు నిర్ణయించిన తీరు చెల్లదని 2010లో హైకోర్టు తీర్పు చెప్పింది. సంపన్న దేశంలోనూ కోర్టు మెట్లెక్కక తప్పలేదు.

మన దగ్గర అంతదూరం పోనక్కరలేని దారి ఉంది. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం దావా వేయకముందే తగవును లోక్ అదాలత్‌కు తీసుకుపోవచ్చు. కోర్టు ఫీజు లేదు. ఇరుపక్షాలు రాజీపడితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు.

అంతకంటే ముందు ఒప్పందమే గట్టిగా ఉండాలి. మనిషికి రోజుకెంత, బిల్లు అందిన ఎన్ని రోజుల్లో చెల్లింపు, ఆసుపత్రిలో ఉన్నవారిని ఎలా లెక్కించాలి అన్నవి తెలుగులో రాసుకోవాలి. తగవు లేని మొత్తం వెంటనే చెల్లించి, తగవున్న దానినే ఆపాలి. లెక్క తేలేవరకు ఏ ఒక్క వృద్ధుడినీ బయటకు పంపరాదు. సంస్థలు కూడా హాజరు, ఖర్చు వివరాలను గోడమీద అతికించాలి. గ్రామస్థులు చూస్తారు, అనుమానం తీరుతుంది.

మదనపల్లె వద్ద ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1912లో పుట్టింది పలు మిషన్ సంస్థలు చేతులు కలపడం వల్లనే. రోగిని కాపాడేందుకు నాడు అంతమంది ఒక్కటి కాగలిగినప్పుడు, ముసలివారికి పూట కూడు పెట్టేందుకు నేడు అధికారి, నిర్వాహకుడు ఒక బల్ల దగ్గర కూర్చోలేరా? మూడు పట్టణాల మున్సిపల్ అధికారులు, సంక్షేమ శాఖవారు ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉంది. ఫైలు ఆగవచ్చు, ఆకలి ఆగదు.