ఆదివారపు సరిహద్దు ప్రయాణములు



శనివారము సాయంకాలమగుసరికి మన ఆవని, ముళబాగిలు ప్రాంతముల కుటుంబములు నంగిలి దాటి ఆంధ్రదేశమునకు ప్రయాణమగుట నేడు సాధారణమైనది. కొందరు పలమనేరు మీదుగా కాణిపాకమునకు, తిరుమలకు పోవుచున్నారు. కొందరు మదనపల్లె చేరి హార్సిలీ కొండలెక్కి చల్లగాలి ననుభవించుచున్నారు. బంగారు గనుల వారు బంగారుపేటలో రైలెక్కి కుప్పమున దిగుచున్నారు. వానలు కురిసిన దినములలో యువకులు కైగల్ జలపాతమునకు పోవుచున్నారు. ఆరు దినములు శ్రమించిన వారికి ఏడవ దినమున విశ్రాంతి కావలసినదే. దానిని తప్పు పట్టుట నా ఉద్దేశము కాదు. కాని వర్తకుడనగుటచే, ఈ ప్రయాణములలో మనకు చేకూరుచున్న లాభమేమి, పోవుచున్నదేమి అని లెక్క చూడకుండ ఉండలేను.

ఈ సరిహద్దు మనము గీచినది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమును, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశమును ఏర్పడినవి. మన జిల్లా మైసూరు రాష్ట్రముననే నిలిచినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. గీత పడినను వియ్యములు ఆగలేదు. పుంగనూరులో మేనత్తయో, వెంకటగిరికోటలో ఆడపడుచో లేని ఇల్లు మనలో అరుదు. పూర్వము మన పెద్దలు పెండ్లికో, పురిటికో, పశువుల సంతకో సరిహద్దు దాటెడివారు. బంధువుల యింట రెండు పూటలు తిని, నాలుగు సామెతలు, ఒక పాట విని వచ్చెడివారు. నేటి ప్రయాణము హోటలు గదికి పోయి, హోటలు గదినుండి వచ్చుటగా మారినది. దారిలో మేనత్త యిల్లున్నను బండి ఆగదు.

అంతకన్న చింతింపదగిన విషయమొకటి కలదు. మన పిల్లలు ఇంట తెలుగు చక్కగా మాటలాడుదురు. కాని నంగిలి దాటగానే కనబడు బస్సు బోర్డును గాని, అంగడి పేరును గాని చదువలేరు. తెలుగు బిడ్డ తెలుగు బోర్డు క్రింద నిలిచి, "ఈ బస్సు ఎక్కడికి పోవును?" అని పరుల నడుగుచున్నది. భాష చెవికి దక్కి కంటికి దక్కకపోయినచో, అది మనుమల కాలమునకు నిలుచునను నమ్మకము నాకు లేదు.

ఈ లోపము తీర్చుకొనరానిది కాదు. కన్నడ, తెలుగు లిపులు ఒకే ప్రాచీన లిపినుండి పుట్టిన తోబుట్టువులు. గ, ద, న, ర, ల మొదలగు అక్షరములు రెంటను దాదాపు ఒకే రూపమున నున్నవి. తలకట్టు భేదమును గుర్తించి, క, త, చ, శ వంటి కొన్ని అక్షరములను వేరుగా నేర్చిన చాలును. అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు రాష్ట్రములు సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ సౌకర్యములను మనము కోరవలసినదే. కాని అవి వచ్చువరకు బిడ్డ వయస్సు ఆగదు.

కన్నడ నాట నుండి తెలుగుపై ఇంత మక్కువ యేల యని కొందరు అడుగవచ్చును. కన్నడము మనకు అన్నము పెట్టు భాష. దానిని మన పిల్లలు ఎవరికిని తీసిపోకుండ నేర్వవలెను. అయినను ఒక భాషకై మరియొక భాషను విడువ నక్కరలేదు. మన జిల్లావారైన మాస్తి వేంకటేశ అయ్యంగారి ఇంటిభాష తమిళము. 1983 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము పొందినది కన్నడ రచనకు.

కావున ప్రయాణములు మానవలదు, మార్చుకొందము. పోవునపుడు నంగిలి మొదలు పలమనేరు వరకు ప్రతి బోర్డును పిల్లలచే చదివింపుడు. ఒక పూట భోజనము బంధువుల యింట చేయుడు. మదనపల్లె మీదుగా పోవువారు, 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటి కళాశాలలో బసచేసి 'జనగణమన'ను ఆంగ్లమున అనువదించెనని పిల్లలకు చెప్పుడు. కుప్పము పోవువారు 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయమును చూపుడు. చిత్తూరులోనో తిరుపతిలోనో ఒక బాలల పుస్తకము కొనుడు. ఇంట చదివిన పిదప దానిని సంఘమునకు ఇచ్చినచో మరి పది యిండ్ల పిల్లలు చదువుదురు.

దారి రెండువైపులదిగా నుండవలెను. సీతాదేవి కుశలవులను కన్న చోటని పెద్దలు చెప్పు కొండ మనది, రామలింగేశ్వరాలయము మనది. శివరాత్రి సమయమున జరుగు ఆవని జాతరకు ఆవలి బంధువులను పిల్లలతో కూడ పిలువుడు. వారి బిడ్డలు మన బిడ్డలతో నాలుగు దినములు ఆడుకొనినచో, తెలుగక్షరములు ఆటలోనే పట్టుబడును. రానున్న జాతరకు ఒక్కొక్క కుటుంబము ఒక్క యింటివారినైనను ఆహ్వానించునని ఆశించుచున్నాను.