ఎండకీ కులం ఉంది - 5 : ఏసీ ఎంత మీద పెట్టుకోవాలి?



పోయిన భాగంలో ఉపాధి హామీ పని దగ్గర నీడ గురించి రాశాను. దాని కింద ఒక చెల్లి అడిగింది. "అన్నా, అదంతా సరే. మేం ఈ ఏడాది సెకండ్ హ్యాండ్ ఏసీ కొన్నాం. ఇంట్లో పసిబిడ్డ ఉంది. ఎంత మీద పెట్టుకోవాలి? ఒకరు 18 అంటారు, ఒకరు 24 అంటారు." దాని కింద కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు. "కాలనీలో ఏసీ ఏంటమ్మా, ఉద్యమం చల్లబడిపోద్ది" అని ఒకాయన వెటకారం చేశాడు.

నవ్వినోళ్ళకి ఒక మాట. మనోళ్ళు చెప్పులేసుకుంటే నవ్వారు, గడియారం పెట్టుకుంటే నవ్వారు, పెళ్ళికొడుకు గుర్రమెక్కితే కొట్టారు. ఇప్పుడు ఏసీ వంతు వచ్చింది. ఆ చెల్లి అడిగింది చాలా సీరియస్ ప్రశ్న. ముందు దానికి సూటిగా జవాబు చెప్పి, తర్వాత రాజకీయంలోకి వెళ్దాం.

జవాబు: 26 లేదా 27 మీద పెట్టి, సీలింగ్ ఫ్యాన్ తిప్పుకోండి. పసిబిడ్డ మీదకి గాలి నేరుగా కొట్టకుండా చూసుకోండి. తెల్లవారుజామున బయట చల్లబడితే ఆపేసి కిటికీ తీయండి. ఇంతే.

ఎందుకో కూడా తెలియాలి. మన ఒంటికి చల్లగా అనిపించేది గదిలో డిగ్రీల వల్ల మాత్రమే కాదు. చెమట ఆరితే చల్లబడతాం. ఫ్యాన్ గాలి చెమటని ఆరబెడుతుంది కాబట్టి 27 కూడా 24, 25 లాగా అనిపిస్తుంది. ఫ్యాన్ తినే కరెంటు ఏసీ తినేదాంట్లో పదో వంతు కూడా ఉండదు. ఇక 18 మీద పెడితే గది తొందరగా చల్లబడుతుందనేది అపోహ. పాత రకం ఏసీలో కంప్రెసర్ ఒకే వేగంతో తిరుగుతుంది. 18 పెట్టినా 26 పెట్టినా అది చల్లబరిచే వేగం ఒకటే. తేడా ఎక్కడంటే, 26 పెడితే గది అక్కడికి చేరగానే కంప్రెసర్ ఆగుతుంది. 18 పెడితే మే నెలలో అది అక్కడికి చేరదు, రాత్రంతా ఆగదు. సెట్టింగ్ ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెబుతోంది. అందుకే 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టారు. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ ఇంకో అడుగు వేసి, ఏసీలు 20 కంటే కిందకి, 28 కంటే పైకి వెళ్ళకుండా కట్టడి చేస్తామన్నారు.

టీవీ చర్చలో ఇక్కడితో ఆపేస్తారు. మనం ఆపకూడదు. ఎందుకంటే "హాయి" అనే మాట వెనక ఎవరి ఒళ్ళు ఉందో చూడాలి.

ప్రపంచమంతా ఆఫీసుల్లో వాడే హాయి లెక్క 1960లలో డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ తయారు చేశాడు. డెన్మార్క్, అమెరికాల్లో మనుషుల్ని గదుల్లో కూర్చోబెట్టి, ఎంత వేడిలో హాయిగా ఉందో అడిగి కట్టిన లెక్క అది. ఈ లెక్క వాడే ఆఫీసులు మనిషి ఒంట్లో పుట్టే వేడికి సుమారు 70 కిలోల, 40 ఏళ్ళ మగవాణ్ణి కొలతగా పెట్టుకున్నాయనీ, దానివల్ల ఆడవాళ్ళ ఒంటి వేడిని ఎక్కువగా అంచనా వేస్తున్నారనీ 2015లో ఇద్దరు డచ్చి పరిశోధకులు చూపించారు. ఆఫీసుల్లో ఆడపిల్లలు చున్నీ కప్పుకుని వణుకుతూ పనిచేసేది అందుకే. కొలబద్ద ఎవరి ఒంటితో చేశారో వాళ్ళకే అది సరిపోతుంది. కులం గురించి తెలిసినవాళ్ళకి ఈ సంగతి కొత్త కాదు.

మరి మన ఒళ్ళు? 2008లో హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఎండాకాలం, వానాకాలం తిరిగి, జనాన్ని అడిగి మాధవి ఇంద్రగంటి అనే పరిశోధకురాలు లెక్క తీశారు. అక్కడి జనానికి హాయిగా అనిపించిన వేడి సుమారు 29 డిగ్రీలు. పడమటి దేశాల లెక్కకీ దీనికీ చాలా తేడా ఉంది. తర్వాత అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీ దేశంలోని ఆఫీసుల్లో ఇలాంటి పనే చేసి మన దేశానికి వేరే లెక్క కట్టింది. బయట వాతావరణాన్ని బట్టి మన ఒళ్ళు సర్దుకుంటుందని, 22, 23 అక్కర్లేదని తేల్చింది. అంటే 18 పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం మన ఒంటి అవసరం కాదు. అది హోదా. ఊళ్ళో పెద్దింటి అరుగు ఎంత ఎత్తుంటే అంత గొప్ప అన్నట్టు, ఇప్పుడు అంకె ఎంత తక్కువుంటే అంత గొప్ప.

కానీ ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. "మన జనం ఎండకి అలవాటు పడినోళ్ళు" అనే మాటని వెంటనే తిప్పి మన మీదకే విసురుతారు. "వాళ్ళ ఒళ్ళు గట్టిదండీ, ఎండలో పుట్టారు, ఎండలో పెరిగారు" అని ఆసాములు అనడం మన తాతల కాలం నుంచి వింటున్నాం. ఆ 29 డిగ్రీలు ఎక్కడివి? స్లాబు ఉన్న అపార్టుమెంటులో, కిటికీ తీసుకుని, ఫ్యాన్ వేసుకుని, పలచటి బట్టలేసుకుని, కావాలంటే పక్క గదిలోకి వెళ్ళగలిగే మనిషివి. మిరప కల్లంలో పన్నెండింటికి వంగి ఉన్న మనిషివి కావు. ఇటుక బట్టీ ముందు నిలబడ్డ మనిషివి కావు. హాయిగా ఉండటం వేరు, వేరే దారి లేక ఓర్చుకోవడం వేరు. ఓర్పుని హాయి అని రాసిపెట్టడమే కులం చేసే పని.

ఒంటికి కులం లేదు. ఎవరి ఒళ్ళయినా లోపల 37 డిగ్రీల దగ్గర ఉండాల్సిందే. బయట వేడి అంతకు మించితే చెమట ఒక్కటే దిక్కు. గాలిలో తేమ ఎక్కువైతే ఆ చెమట కూడా ఆరదు. కోస్తాలో 38 డిగ్రీలే ప్రాణం తీసేది అందుకే. 2015 మే నెల గుర్తుందా? రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకి పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. కూలీలు, ముసలోళ్ళు, గూడు లేనోళ్ళు. "అలవాటు పడినోళ్ళు" అన్నారే, వాళ్ళే.

ఇప్పుడు ఆ చెల్లి ఇంటికి వద్దాం. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకి 200 యూనిట్ల లోపు వాడితే సున్నా బిల్లు. ఆంధ్రలోనూ ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్ పథకం ఉంది. మంచిదే, పోరాడి తెచ్చుకున్నదే. లెక్క మాత్రం జాగ్రత్తగా చూడాలి. గృహజ్యోతిలో 200 దాటితే పైన వాడిన యూనిట్లకే కాదు, ఆ నెల మొత్తానికీ బిల్లు కట్టాలి. పైగా శ్లాబు మారుతుంది.

ఒక టన్ను పాత ఏసీ కంప్రెసర్ తిరుగుతున్నంతసేపు గంటకి దాదాపు ఒక యూనిట్ తింటుంది. 18 పెట్టి రాత్రి ఎనిమిది గంటలు ఆగకుండా తిరిగితే రోజుకి 8, నెలకి 240. ఒక్క ఏసీతోనే గీత దాటిపోయారు. అదే 27 పెట్టి, ఫ్యాన్ తిప్పి, కంప్రెసర్ సగం సేపు ఆగితే నెలకి 120. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి ఒక 80 వేసుకుంటే సరిగ్గా 200. అంచు మీద ఉన్నాం. విల్లాలో ఉన్నాయనకి రెండు డిగ్రీలంటే రిమోట్ మీద రెండు నొక్కులు. మనకి రెండు డిగ్రీలంటే సున్నా బిల్లుకీ, వెయ్యికి పైగా బిల్లుకీ మధ్య గోడ. పసిబిడ్డకి చెమటకాయలు పోస్తుంటే ఆ తల్లి మీటరు వైపు చూస్తూ రిమోట్ నొక్కాలి.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. నేను చెప్పిన "కంప్రెసర్ సగం సేపు ఆగితే" అన్న మాట స్లాబు ఉన్న ఇంటికి. మన కాలనీల్లో ఎన్ని ఇళ్ళు ఇంకా సిమెంటు రేకుల కింద ఉన్నాయి? పగలంతా రేకు ఎండని తాగి గదిలోకి కక్కుతుంది. స్లాబు వేసుకున్న ఇందిరమ్మ ఇల్లయినా ఒకే గది, ఒకే కిటికీ, అవతల గోడకి గోడ, చెట్టు లేదు. ఆ ఇంట్లో 27 పెట్టినా అర్ధరాత్రి దాకా కంప్రెసర్ ఆగదు. అంటే ఏసీ ఎంత మీద ఉండాలో రిమోట్ నిర్ణయించడం లేదు, పైకప్పు నిర్ణయిస్తోంది. ఆ పైకప్పు ఎలా ఉండాలో మూడు సెంట్ల జాగా నిర్ణయించింది. ఆ జాగా ఎక్కడ ఉండాలో ఊరు ఎప్పుడో నిర్ణయించింది. చెరువు గట్టు, చింతతోపు, రావిచెట్టు ఊరికి. ఎర్రటి ఎండ, ఉప్పు నేల మనకి. కారంచేడులో 1985లో గొడవ ఎక్కడ మొదలైంది? మనం తాగే చెరువు నీళ్ళని మురికి చేయొద్దని మున్నంగి సువార్త అడ్డం చెప్పిన దగ్గర. నీళ్ళూ నీడా ఎవరివి అన్న ప్రశ్న ఈ నేల మీద ఎప్పుడూ ఉన్నదే.

చల్లదనానికి ఒక చరిత్ర కూడా ఉంది. తెల్లదొరల కాలంలో గది మధ్యలో పెద్ద గుడ్డ పంకా వేలాడేది. దానికి కట్టిన తాడు గోడలోంచి బయట వరండాలోకి వచ్చేది. అక్కడ ఒక కూలీ రాత్రంతా కూర్చుని లాగేవాడు. దొర హాయిగా పడుకునేవాడు. కూలీ కునుకు తీస్తే తన్నులు. ఆ దెబ్బలకి చచ్చిపోయినవాళ్ళ కేసులు బ్రిటిష్ రికార్డుల్లోనే ఉన్నాయి. కిటికీలకి వట్టివేళ్ళ తడకలు కట్టి, వాటిని తడుపుతూ ఉండటానికి ఇంకో మనిషి. లోపల చల్లదనం కావాలంటే బయట ఎవడో ఒకడు ఉడకాలి. ఇప్పుడు తాడు లేదు, అవుట్‌డోర్ యూనిట్ ఉంది. ఏసీ వేడిని మాయం చేయదు, లోపలి వేడిని తీసి బయట పారేస్తుంది. తన మోటారు వేడి అదనం. అపార్టుమెంటు వెనక సందులో వంద యూనిట్లు కక్కే వేడి గాలి ఎవరి మొహాన కొడుతుంది? సెల్లార్లో పడుకునే వాచ్‌మన్ కుటుంబం మీద. వెనక బస్తీ మీద. పదో అంతస్తు గోడకి తాడు కట్టుకుని ఆ యూనిట్ బిగించేదీ, గ్యాస్ నింపేదీ ఎక్కువగా మన ఐటీఐ పిల్లలే. వాళ్ళ ఇంట్లో రేకులు.

ఏసీ రాక్షసి అనీ, కొనొద్దనీ నేను అనను. భూమి వేడెక్కుతోంది కాబట్టి పేదోళ్ళు ఏసీ కొనకూడదు అనేవాళ్ళు ముందు తమ నాలుగు గదుల్లో మూడింటివి ఆపాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ దేశంలో ఏసీ గానీ కూలర్ గానీ ఉన్న కుటుంబాలు దాదాపు నాలుగో వంతే. మిగతా మూడొంతుల మందికి నీతులు కాదు, నీడ కావాలి. మనలో ఉద్యోగాలొచ్చి ఫ్లాట్లు కొనుక్కున్న తమ్ముళ్ళకీ ఒక మాట. దొర చూపించిన 18ని మనం మోయక్కర్లేదు. 26 పెట్టుకోండి. మీ అవుట్‌డోర్ యూనిట్ ఏ సందులోకి ఊదుతోందో ఒకసారి కిందకి దిగి చూడండి. వాచ్‌మన్ గదికి ఫ్యాన్ ఉందో లేదో అసోసియేషన్ మీటింగులో అడగండి.

బాబాసాహెబ్ అంటే రాజ్యాంగం ఒక్కటే కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్‌గా కార్మికుల పనిగంటలతో పాటు కరెంటు విధానం కూడా ఆయనే చూశారు. చవగ్గా, పుష్కలంగా కరెంటు లేనిదే ఈ దేశం పరిశ్రమలు కట్టలేదని 1943లోనే వాదించారు. ఆయన దృష్టిలో కరెంటు దరిద్రం నుంచి బయటపడే దారి, కలిగినోళ్ళ విలాసం కాదు. కాబట్టి కరెంటు గురించి, దాంతో వచ్చే చల్లదనం గురించి అడగడం మన ఉద్యమానికి కొత్త పనేమీ కాదు.

ఏం అడగాలి?

ఒకటి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా 200 గీతని పెంచాలి. కనీసం దాటిన యూనిట్లకి మాత్రమే డబ్బు తీసుకోవాలి, నెల మొత్తానికి కాదు. ఎండని మనం పెంచలేదు కదా.

రెండు, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. పైకప్పు మీద ఎండని తిప్పికొట్టే తెల్ల పూత వేస్తే ఇంట్లో వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. ఆ పూత ముందు వేయాల్సింది సచివాలయాల మీద కాదు, ఎస్సీ కాలనీల రేకుల మీద. సబ్ ప్లాన్ నిధులు దీనికి కాకపోతే ఇంకెందుకు? ఆంధ్రలోనూ ఇదే అడగాలి.

మూడు, కాలనీకి చెట్లు. హరితహారం మొక్కలన్నీ హైవే డివైడర్ల మీదే పెరుగుతున్నాయి. అక్కడ ఎవరూ పడుకోరు.

నాలుగు, 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్ పని చోట వేడి హద్దులో ఉండాలని చెప్పింది. అది ఫ్యాక్టరీ గోడల లోపలే. పొలానికి, రోడ్డు పనికి, కాలువ పూడికతీతకి అలాంటి హద్దు ఏదీ? ఏసీకి 20 నుంచి 28 అని గీత గీయగలిగిన ప్రభుత్వం, మనిషిని ఎన్ని డిగ్రీల ఎండ దాకా పని చేయించొచ్చో కూడా గీత గీయాలి.

ఈలోగా చెల్లీ, 27 మీద పెట్టుకో, ఫ్యాన్ తిప్పుకో. రేకులైతే పైన సున్నం కొట్టించు, ఖర్చు తక్కువ, తేడా రాత్రికే తెలుస్తుంది. నెలకోసారి ఫిల్టర్ కడుక్కో. బిడ్డకి ఒంట్లో బాగాలేని రోజు మాత్రం మీటరు వైపు చూడకు. ఆ రోజు బిల్లు గురించి మనం బయట కొట్లాడదాం.

వచ్చే భాగంలో: వడదెబ్బ చావుని వడదెబ్బ అని రాయించడానికి ఒక కూలీ కుటుంబం ఎన్ని ఆఫీసులు తిరగాలి?

జై భీమ్.