ఆ ఆరు నెలలు

పరస్పర అంగీకారంతో విడాకులు కోరే దంపతులకు హిందూ వివాహ చట్టం ఆరు నెలల గడువు పెడుతుంది. 1955 నాటి చట్టంలో ఇలా ఇద్దరి అంగీకారంతో విడిపోయే వెసులుబాటు 1976 సవరణతో చేరింది. ఏడాదిగా విడివిడిగా ఉంటున్న ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవాలి. ఆరు నెలలు ఆగి, అప్పటికీ మనసు మారకపోతే మళ్లీ కోర్టుకు రావాలి. అన్ని విషయాలూ పరిష్కారమై, ఇక కలిసే ఆశ లేదని తేలితే ఆ గడువును ఎత్తివేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎదురుచూపే శిక్షగా మారినవాళ్లకు అది మేలే చేసింది. కానీ చాలా ఇళ్లలో ఆ ఆరు నెలలు గడిచే తీరు చూస్తే బాధ కలుగుతుంది. పుట్టింట్లో ఒకరు, అద్దె గదిలో మరొకరు. మధ్యలో వకీళ్ల ఫోన్లు, పెళ్లినాటి బంగారం లెక్కలు, సారె సామాన్ల జాబితాలు. స్టీలు బిందెల దగ్గర నుంచి పట్టుబట్టి తేల్చుకుంటారు. పిల్లాడి సంగతి మాత్రం ‘వాడు అమ్మ దగ్గరే ఉంటాడులే’ అన్న ఒక్క ముక్కతో అయిపోతుంది.

కుటుంబ తగాదాలను ఆస్తి దావాల్లా నడపకూడదనే 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం తెచ్చారు. రాజీకి ప్రయత్నించే బాధ్యతను అది జడ్జి మీదే పెట్టింది. కౌన్సెలర్ల ఏర్పాటూ అందులోనే ఉంది. ఆచరణలో మాత్రం దంపతులు కౌన్సెలర్ ముందు కూర్చునేసరికి పోలీసు కేసు ఒకటి, మనోవర్తి కేసు ఒకటి నడుస్తుంటాయి. రెండువైపులా అనకూడని మాటలు అఫిడవిట్లలోకి ఎక్కేసి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లి 2013లో సుప్రీంకోర్టులో తేలిన కేసు ఒకటుంది. పెళ్లయిన మర్నాడే రెండువైపుల పెద్దల మధ్య మాటామాటా పెరిగి, చెప్పులు విసురుకునే దాకా పోయింది. కాపురం మొదలవకుండానే ఆ జంట విడిపోయింది. తర్వాత కేసుల మీద కేసులు. విడాకులు దక్కేసరికి పదేళ్లు దాటింది. ఇలాంటి తగాదాలను మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపాలని, కేసు వేయకముందే సాయం అందే ఏర్పాట్లు ఉండాలని ఆ తీర్పులోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ మర్నాడు రెండు కుటుంబాలనూ విడివిడిగా కూర్చోబెట్టి ఓపిగ్గా వినే మనిషి ఒకరుండి ఉంటే, ఆ ఇద్దరి వయసులో పదేళ్లు కోర్టు వరండాల పాలయ్యేవి కావేమో.

మనకు పెద్దమనుషుల పంచాయితీలు ఉండేవి కదా, ఇప్పుడీ కౌన్సెలింగులు ఎందుకు అనేవాళ్లున్నారు. ఆ పెద్దల్లో ధర్మం చెప్పినవాళ్లు లేకపోలేదు. అయినా అక్కడ ఎక్కువసార్లు జరిగింది ఆడపిల్లకు సర్దుకుపొమ్మని చెప్పి పంపడమే. ఆ ధోరణి ఇప్పటి కౌన్సెలింగ్ గదుల్లోకీ చొరబడింది. ఎన్ని జంటల్ని కలిపామన్నదే ఘనతగా చెప్పుకుంటున్నారు. దెబ్బలు తిని వచ్చిన మనిషికి ముందు కావాల్సింది రక్షణ, వైద్యం, న్యాయసాయం. సఖి కేంద్రాలు పెట్టింది అందుకే. ఆమెను అదే ఇంటికి తిప్పి పంపి, ఒక కాపురం నిలబెట్టామని రాసుకోవడం అన్యాయం.

కలవడం కుదరదని తేలిన జంటలతో కౌన్సెలర్‌కు ఇక పనిలేదనుకోవడం మరో పొరపాటు. అసలు పని అక్కడే మొదలవుతుంది. పిల్లల్ని చూపించే రోజున ఫ్యామిలీ కోర్టుకు వెళ్లినవాళ్లకు తెలుస్తుంది. తండ్రి కొత్త గౌను తెస్తాడు. అది తనకు గుర్తున్న కొలతకే ఉంటుంది. పాప ఈలోగా ఎదిగిపోయింది. చేతులు దూరక, నాన్న నొచ్చుకుంటాడేమోనని ఆ పిల్ల ఊపిరి బిగబట్టి తొడుక్కోవాలని చూస్తుంది. బయట బెంచీ మీద అమ్మమ్మ, కాస్త దూరంగా నానమ్మ. నిరుడు ఒకే పంక్తిలో కూర్చుని పుట్టినరోజు భోజనం చేసినవాళ్లు ఇప్పుడు ముఖాలు చూసుకోరు. ఇంటికెళ్లాక ‘నాన్న ఏం అడిగాడు? నువ్వేం చెప్పావు?’ అని ఆరా. అమ్మ కావాలా, నాన్న కావాలా అని చుట్టాలు ముద్దుగా అడిగే ప్రశ్న అంతకన్నా క్రూరం. గొడవ తమవల్లే వచ్చిందేమోనని ఆ వయసు పిల్లలు లోలోపల నమ్ముతారు. కాదని ఇద్దరూ కలిసి, ఒకే మాటగా చెప్పాలి. ఎలా చెప్పాలో వాళ్లకు నేర్పే మనిషి కావాలి. విడిపోయిన తల్లికి, తండ్రికి కూడా తమ దుఃఖం పిల్లల మీద పడకుండా దించుకునే చోటు కావాలి.

పిల్లలున్న దంపతులు విడాకులు తీసుకోవాలంటే అమెరికాలోని ఫ్లోరిడాలో తల్లిదండ్రుల కోసం నడిపే కనీసం 4 గంటల తరగతికి హాజరుకావాలి. అక్కడ కాపురముండే మన తెలుగువాళ్లకూ అదే నియమం. మన లా కమిషన్ కూడా 2015లో ఇచ్చిన 257వ నివేదికలో ఉమ్మడి సంరక్షణను, పిల్లల పెంపకంపై ముందే రాసుకునే ప్రణాళికను సిఫార్సు చేసింది. ఆరు నెలల గడువులో చేయదగిన పని ఇదే. సంక్రాంతి ఎవరింట్లో, వేసవి సెలవులు ఎక్కడ, బడి మీటింగుకు ఎవరు వెళ్తారు, జ్వరమొస్తే రెండోవారికి ఎప్పుడు చెప్పాలి, తాతలు ఎప్పుడు చూడొచ్చు... ఇవన్నీ కౌన్సెలర్ సమక్షంలో కాగితం మీద పెట్టించాలి. గడువు ఎత్తివేయమని అడిగే జంట పిల్లల సంరక్షణ సంగతి తేల్చుకుని ఉండాలన్నది 2017 తీర్పులోనూ ఉంది. ఒక్క ముక్క ఒప్పందంతో దాన్ని తేల్చినట్టు లెక్కవేయకూడదు.

కోర్టుదాకా రానివాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. 15100కు ఫోన్ చేస్తే న్యాయసాయానికి దారి చెబుతారు. పెళ్లి కుదిర్చిన పెద్దలు, పిల్లాడి ముఖం చూసి ఇంట్లో ఏదో జరుగుతోందని ముందుగా పసిగట్టే బడి పంతుళ్లు ఈ సంగతి ఒక్కసారి చెవిన వేసినా, చాలామంది మొదటి కేసు పడకముందే అక్కడికి చేరతారు.