పూచీ విడిచిన అంగళ్లు

ఒక్క కప్పు క్రింద బట్టలు, పాత్రలు, కుర్చీలు, బొమ్మలు మొదలగు సమస్త వస్తువులను వేఱువేఱు విభాగములుగ నమ్మెడి పెద్ద యంగళ్లను అమెరికావారు డిపార్టుమెంటు స్టోర్లందురు. ఈ యంగళ్లలో గ్రామఫోనులు, రేడియోలు, టెలివిజనులు అమ్ము విభాగ మొకప్పుడు జనసమ్మర్దముతో నిండియుండెడిది. నేడా విభాగము పెక్కింట మూతపడినది. దాని స్థానమున సుగంధద్రవ్యములు, పాదరక్షలు, ఉడుపులు వచ్చి చేరినవి. పరదేశపు వర్తకుల లాభనష్టములతో మనకేమి పనియని చదువరులు తలపవచ్చును. అట్లు తలచుట తగదని మా యభిప్రాయము. ఆ విభాగ మేల వర్ధిల్లినదో, ఏల క్షీణించినదో విచారించినచో, అమ్మువానికిని కొనువానికిని నడుమ నుండవలసిన బాధ్యత యెట్లు సడలిపోవునో తేటపడగలదు. ఆ సడలింపు మన వీధులలోను ఆరంభమైనది.

ఈ సామగ్రిని సామాన్యజనులకు పరిచయము చేసినవారిలో పెద్దయంగళ్లవారు ముఖ్యులు. 1912 నాటికే న్యూయార్కునందలి వానమేకరు వారి యంగడిపై మార్కొనీ కంపెనీవారి నిస్తంత్రీ వార్తాకేంద్రము నడచుచుండెను. అందు పనిచేసిన డేవిడ్ సార్నాఫ్ తరువాతి కాలమున ఆర్.సి.ఏ. కంపెనీకి అధిపతియై రేడియో, టెలివిజను పరిశ్రమలను నడపెను. 1922లో న్యూవార్కు పట్టణమందలి బాంబర్గరు వారు డబ్ల్యు.ఓ.ఆర్. అను రేడియో స్టేషనును తామే స్థాపించిరి. రేడియో కొన్నవానికి వినుటకేదైన నుండవలెను గదా! ఆ యేటనే ఫిలడెల్ఫియాలో గింబెల్సు వారును, స్ట్రాబ్రిడ్జి వారును అట్లే చేసిరి. 1925లో జాన్ లోగీ బెయర్డ్ తన టెలివిజను యంత్రమును లండను ప్రజలకు ప్రదర్శించి చూపినది సెల్ఫ్రిడ్జి వారి యంగడిలోనే. సియర్సు కంపెనీవారు గ్రామఫోనులను, రేడియోలను సిల్వర్‌టోన్ అను తమ సొంత పేరుతోనే అమ్మిరి.

ఈ వ్యాపారమునకు ప్రాణమేది? క్రొత్త యంత్రమును చూచి సామాన్యుడు సందేహించును. లోపలి తీగెలు వానికి తెలియవు. చేసిన కార్ఖానా యెక్కడనో దూరమున నున్నది. అప్పుడు తన యూరి యంగడివాడు ముందునకు వచ్చి, "దీనికి నేను పూచీ" అనెను. మాంట్గొమరీ వార్డు కంపెనీవారు 1875 నాటికే, సరకు నచ్చనిచో సొమ్ము తిరిగి యిచ్చెదమని మాట యిచ్చియుండిరి. వాయిదాలపై నమ్ముట, ఇంటికి పంపుట, బిగించి చూపుట, చెడిన బాగుచేయుట అనునవన్నియు ఆ పూచీలోని యంగములే. జనులు కొన్నది యంత్రము మాత్రమే కాదు. దానితోపాటు అంగడివాని మాటను గూడ కొనిరి.

ఈ మాటకు శాసనము కొంత అండ నిచ్చెను. 1937లో అమెరికా కాంగ్రెసు చేసిన మిల్లర్-టైడింగ్సు చట్టము ననుసరించి, రాష్ట్రములు అనుమతించినచోట తన వస్తువు ఇంత ధరకు తక్కువగ అమ్మరాదని చేయువాడు కట్టడి చేయవచ్చును. దీనివలన పెద్దయంగడికి లాభము స్థిరపడెను. ఆ లాభమునుండి తెలిసిన గుమాస్తాలను, బాగుచేయు పనివారలను పోషింపగలిగెను. కాని నీడపట్టున పెరిగిన మొక్క యెండకు తాళదు. 1948లో యూజీన్ ఫెర్కాఫ్ అను నతడు న్యూయార్కులో కార్వెట్టు అను నంగడిని తెఱచి, గృహోపకరణములను కట్టడి ధరకు తక్కువగ నమ్మ మొదలిడెను. అతనిపై పెక్కు వ్యాజ్యములు నడచినవి. న్యాయస్థానము లతనిని విచారించుచుండగా జనులు అతని వాకిట బారులు తీరిరి. తుదకు 1975లో కాంగ్రెసువారు ఆ కట్టడి ధరల చట్టమునే రద్దుపఱచిరి.

ఆ దినమున పెద్దయంగళ్ల యెదుట రెండు త్రోవలుండెను. ధర తగ్గినను తమ పూచీని పెంచి నిలుచుట యొకటి. లాభము తఱిగినదని విభాగమునే విడుచుట రెండవది. పెక్కుమంది రెండవ త్రోవ పట్టిరి. లెక్కలు వ్రాయువారు గది గదికి కొలత వేసి, టెలివిజను నిలిచిన చోట చొక్కా వ్రేలాడినచో నెక్కువ వచ్చునని తేల్చిరి. లెక్క తప్పుకాదు. ఎలక్ట్రానిక్ వస్తువు నెలలలో పాతబడును. దాని ధర దినదినము దిగును. దాని నమ్ముటకు తెలిసినవాడు వలయును. జే.సీ. పెన్నీ వారు 1983లో పెద్ద గృహయంత్రముల వ్యాపారమునే మానిరి. 2016లో మరల మొదలిడి 2019లో మరల విడిచిరి. అరువిచ్చుట అంగడి బలముగ నుండిన కాలమును బ్యాంకుల క్రెడిట్ కార్డులు హరించినవి. మాంట్గొమరీ వార్డు వారు ఎలక్ట్రిక్ అవెన్యూ యని వేఱొక పేరు పెట్టి విభాగమును నిలుపజూచిరిగాని, 2001లో కంపెనీయే మూతపడెను. సియర్సు వారు 2018లో దివాలా కోరుచు న్యాయస్థానమును చేరిరి. మేసీస్ వారు 2015లో పది యంగళ్లలో ఈ సామగ్రి నమ్ముటకు బెస్ట్ బై వారికి చోటిచ్చిరి. తన యింట నన్యునిచేత వంట చేయించుకొనుట యన నిదియే.

చవుకయే సర్వమును మ్రింగినదని కొందఱందురు. అది పూర్ణసత్యము కాదు. చవుకగా నమ్మిన కార్వెట్టు 1980లో నశించెను. ఎలక్ట్రానిక్ సామగ్రికే పేరుపడిన సర్క్యూట్ సిటీ వారు 2007లో జీతము లెక్కువయని సుమారు 3,400 మంది అనుభవజ్ఞులగు అంగడి పనివారలను తొలగించి, వారి స్థానమున తక్కువ జీతములవారిని నియమింప బూనిరి. మఱుసటియేట దివాలా తీసి, 2009లో తలుపులు మూసిరి. బెస్ట్ బై వారు 2002లో యంత్రములు బాగుచేయు గీక్ స్క్వాడ్ అను సంస్థను కొని తమలో జేర్చుకొనిరి, వారు నిలిచియున్నారు. ఇంగ్లాండున జాన్ లూయీ యను పెద్దయంగడిలో పనివారలే భాగస్వాములు. టెలివిజనులకు ఐదేండ్ల పూచీ నిచ్చుటకు అది పేరుపడినది. అచ్చట ఆ విభాగము నేటికిని నడచుచున్నది. ఇవి రెండు మూడు దృష్టాంతములే యైనను, వాని తాత్పర్య మొక్కటియే. తెలిసినవానిని, పూచీపడువానిని అంగడినుండి పంపివేసిన వెనుక మిగులునది గోడలు మాత్రమే. గోడలకంటె తపాలా చవుక.

మాంట్గొమరీ వార్డు అను పేరును 2004లో వేఱొక తపాలా వర్తకులు కొనిరి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట మన సామెత. ఇచ్చట చెట్టు కూలిన పిమ్మటను పేరు మాత్రము కాయలమ్మినది. జపానునందు మఱియొక వింత జరిగినది. టోకియోలోని ఇకెబుకురో సెయిబు అను పెద్దయంగడి చేతులు మాఱి, యొదొబషి కెమేరా అను ఎలక్ట్రానిక్ వర్తకుల కందు చోటు కల్పింప నిశ్చయింపబడగా, తమ పనుల గతియేమని 2023 ఆగస్టు 31న పనివారలు ఒకదినము సమ్మె చేసిరి. అట్టి యంగళ్లలో ఆ దేశమున సుమా రఱువదియేండ్లుగా సమ్మె యెఱుగరు. యజమానులు మాఱునప్పుడు తుట్టతుదకు గుర్తునకు వచ్చువాడు అంగడి గుమాస్తాయే.

చవుక ధర బీదవానికి మేలు చేయలేదా యని యడుగువారు కలరు. చేసినది, మేము కాదనము. కట్టడి ధర లుండినచో ఎన్నో యిండ్లకు టెలివిజను వచ్చియుండదు. వర్తకుల లాభము కాపాడుటకు శాసనము చేయుమని మేము కోరుటలేదు. అట్టి శాసనము వర్తకునే సోమరిని చేయునని పై కథయే చెప్పుచున్నది. కాని చవుకగా కొన్న వస్తువు చెడి, అమ్మినవాడెవడో తెలియక, చేసినవాడు పలుకక, మఱల కొనవలసినచో ఆ చవుక యెవరికి మేలు? ధనికుడు రెండవది కొనును. బీదవాడు మొదటిదానిని చూచుచు కూర్చుండును.

మన తెలుగునాట నేడు టెలిఫోను తెఱపై వ్రేలు నొక్కినచో సరకు గుమ్మమునకు వచ్చుచున్నది. దానిని నిందింపము. కాని పూచీ యెవరిది? మన పార్లమెంటు 2019లో వినియోగదారుల సంరక్షణ చట్టమును క్రొత్తగ చేసినది. అది 2020 జూలైలో అమలునకు వచ్చెను. అందలి 86వ సెక్షను ప్రకారము, చేసినవాని పూచీతో సంబంధము లేక అమ్మువాడు తానుగా స్పష్టమైన పూచీ యిచ్చి, వస్తు వట్లుండనిచో, దానివలన కలిగిన హానికి అతడు బాధ్యుడగును. చేసినవాడెవడో తెలియనప్పుడును బాధ్యత యతనిదే. ఆ యేటి ఈ-కామర్సు నియమములు, ఫిర్యాదు అందినట్లు నలువదియెనిమిది గంటలలో తెలుపవలెననియు, నెలలో పరిష్కరింపవలెననియు శాసించుచున్నవి. చట్టము కలదు, దాని నడుగువారు కొఱత.

కావున మా విన్నపము రెండు తెఱగుల వారికి. వర్తకులారా, మీరు ధరలో మహాసంస్థలతో పోరి గెలువలేరు. కాని వస్తువును బాగుచేయగలవానిని మీ కొట్టులో నుంచుకొనుడు. పూచీని నోటిమాటగ గాక కాగితముపై నిండు. కొనువారలారా, పూచీ వ్రాసియిచ్చువానికి పదిరూపాయ లెక్కువైన నిచ్చుటకు జంకకుడు. దుకాణమున చూచి, తెలిసినవాని గంటసేపు ప్రశ్నించి, వేఱొకచోట కొనుట న్యాయము కాదు. వాని జ్ఞానమునకు మూల్యమీయక మనము పోయినచో, రేపు మన యింటి యంత్రము మూగబోయిననాడు అడుగుటకు వాడుండడు. అమెరికావారు తమ పెద్దయంగళ్లలో చెల్లించిన మూల్యమును మనముగూడ చెల్లించి నేర్చుకొనవలసిన యగత్యము లేదు.